మింగొద్దమ్మా, ఉమ్మెయ్యి

గళ్ళమ్మ

నా అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా నిలవలేదు. మదనపల్లెలోనూ, పుంగనూరులోనూ, కుప్పంలోనూ జనం నన్ను పిలిచింది గళ్ళమ్మ అని. కఫాన్ని మా వైపు గళ్ళ అంటారు. కృష్ణా జిల్లా నుంచి కొత్తగా వచ్చిన డాక్టరమ్మ ఒకామె, నేను ఎప్పుడూ గళ్ళ చీరలు కట్టుకుంటాను కాబట్టి ఆ పేరు వచ్చిందనుకుని, "మీకు గళ్ళు బాగా నప్పుతాయండీ" అంది. "నప్పక ఏం చేస్తాయమ్మా, ఇన్నేళ్ళుగా నాకు అన్నం పెడుతున్నవి అవే కదా" అన్నాను. అసలు సంగతి తెలిశాక పాపం ఆమె వారం రోజులు నా మొహం చూడలేకపోయింది.

నేను ఫిజియోథెరపిస్టును. మదనపల్లె ఊరి బయట ఒక ఛాతీ జబ్బుల ఆసుపత్రిలో పనిచేశాను. వారానికోసారి పుంగనూరు క్లినిక్కుకు, నెలకోసారి కుప్పం క్యాంపుకు వెళ్ళేదాన్ని. ఫిజియోథెరపీ అంటే కాళ్ళు విరిగినవాళ్ళను నడిపించే పని అని అందరూ అనుకుంటారు. నా దగ్గరికి వచ్చినవాళ్ళకు కాళ్ళు బాగానే ఉండేవి. నాలుగడుగులు వేయడానికి ఊపిరే ఉండేది కాదు. వాళ్ళ వీపు తట్టి, మంచం వాల్చి, ఊపిరి పీల్చే పద్ధతి నేర్పి, లోపల పేరుకున్న గళ్ళ బయటికి తీయించడమే నా ఉద్యోగం. మా అమ్మ బతికున్నన్నాళ్ళూ, "ఇంత సదివించింది ఊరోళ్ళ ఉమ్ము సూసేదానికా తల్లీ" అని బాధపడింది.

ఇప్పుడు ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు నన్నేదో రాసిపెట్టమన్నారు. నా ప్రమోషన్ల సంగతి మీకెందుకు, అవి నాకే గుర్తులేవు. పుస్తకాల్లో ఉన్నది మీరు చదువుకునే ఉంటారు. నేను చెప్పేది ముఖ్యంగా రత్నమ్మ అనే ఒక మనిషి గురించి. గళ్ళ ఉమ్మితే ఇంట్లో చోటు పోతుంది, మింగితే ఊపిరి పోతుంది అన్న ఇరుకులో ఆమె ఉండేది. ఆ ఇరుకును నేను, నా తెలివితక్కువతో, ఇంకాస్త బిగించాను.

ముందు కప్పు చూడు

ముందు మా పెద్ద డాక్టరు గారి గురించి చెప్పాలి. ఆయన పేరు వరదరాజులు. పొట్టి మనిషి, గట్టి గొంతు. ఛాతీ డాక్టరై ఉండి ముక్కుపొడి పీల్చేవాడు. "సార్, ఇదేం న్యాయం" అంటే, "నేను సెప్పేది సెయ్యండి, నేను సేసేది సెయ్యద్దండి" అనేవాడు.

వార్డులో ప్రతి మంచం పక్కనా మూత ఉన్న కప్పు ఒకటి ఉండేది, గళ్ళ ఉమ్మడానికి. ఆయన రాగానే ముందు ఆ కప్పు మూత తీసి చూసేవాడు, ముక్కు దగ్గర పెట్టుకునేవాడు. తర్వాత రోగి మొహం చూసేవాడు. ఎక్స్‌రే చూడటం ఆఖరున. నేను చేరిన మొదటి రోజు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాను.

"ఏమ్మా, మల్లెపూల అంగడికి వచ్చినావా?" అన్నాడు, వార్డంతా వినేట్టు.

నేను కొంగు దించేశాను.

"నోరు అబద్ధం సెప్తాది. కప్పు సెప్పదు. తెల్లగా ఉంటే ఒక దోవ, పచ్చగా ఉంటే ఇంకో దోవ. నిన్నటికీ ఈ పొద్దుటికీ ఎంత తేడా వచ్చిందో సూడు. కంపు కొడ్తాంటే నాకు సెప్పు. రక్తం కనపడితే తట్టడం ఆపేసి పరిగెత్తుకోని రా." నేను నేర్చుకున్న విద్యలో సగం ఆ నాలుగు మాటలే.

గళ్ళ అంటే రోగం కాదు. మీ ఊపిరితిత్తుల్లోనూ, నా ఊపిరితిత్తుల్లోనూ రోజూ కాస్త ఊరుతూనే ఉంటుంది. దుమ్మునూ క్రిములనూ పట్టుకుని పైకి తెస్తుంది, మనకు తెలియకుండానే పోతుంది. క్షయ వచ్చి తగ్గినవాళ్ళకూ, చిన్నప్పుడు కోరింత దగ్గు వచ్చినవాళ్ళకూ, ఏళ్ళ తరబడి పొగ పీల్చినవాళ్ళకూ లోపలి గాలి గొట్టాలు దెబ్బతింటాయి. కొన్ని వెడల్పై సంచుల్లా సాగిపోతాయి. గళ్ళ అక్కడ కాలవలో పూడికలా నిలబడిపోతుంది. నిలబడ్డచోట క్రిములు చేరతాయి, జ్వరం వస్తుంది, ఆ జ్వరంతో గొట్టాలు ఇంకా చెడతాయి. చెడ్డ గొట్టాన్ని మనం బాగుచేయలేం. పూడిక మాత్రం రోజూ తీసుకుంటూ ఉండవచ్చు. ఇల్లు ఒకరోజు ఊడ్చి ఊరుకుంటామా? ఇదీ అంతే.

ఈ చిన్న మాట జనానికి ఎక్కించడానికి నా గొంతు అరిగిపోయింది. నీళ్ళు తాగితే చలవ చేసి గళ్ళ ఎక్కువవుతుందని నీళ్ళు మానేసేవాళ్ళు. లోపల అది జిగురై కూచునేది. మందుల షాపులో అడిగి దగ్గు ఆపే సిరప్పు తాగేవాళ్ళు. దగ్గు ఆగేది, గళ్ళ ఆగేది కాదు. దగ్గు మన శత్రువు కాదని నేను చెప్తే, "నీకేమ్మా, దగ్గేది మేము గదా" అనేవాళ్ళు. అదీ నిజమే.

కుప్పం క్యాంపులో మునిరత్నం శెట్టి అని ఒక చిల్లర కొట్టు ఆయన ఉండేవాడు. కొట్టు నిండా జనం, గొంతు నిండా గళ్ళ. జనం ముందర దగ్గడానికి సిగ్గు. ఆయనకు గట్టిగా దగ్గకుండానే గళ్ళను పైకి తెచ్చే పద్ధతి నేర్పాను. నోరు గుండ్రంగా తెరిచి, గొంతు బిగించకుండా, కడుపులోంచి "హా" అని ఊపిరి వదలాలి.

"ఎట్లంటే, అద్దం మీద ఆవిరి పట్టిస్తాం సూడప్పా, అట్ల" అన్నాను.

"అంటే కండ్లద్దాలు తుడిసినట్లా మ్మా?"

"అదే, అదే."

మరుసటి నెల వెళితే శెట్టి మొహం వెలిగిపోతూ ఉంది. రోజంతా కళ్ళద్దాలు తీయడం, హా హా అనడం, పంచె కొసతో తుడవడం. "గళ్ళ బాగా వస్తాండాది మ్మా. ఒకటే తంటా. శెట్టికి సూపు పోతాండాదని ఊరంతా సెప్పుకుంటాండారు" అన్నాడు. నవ్వలేక చచ్చాను. తన రోగానికి తన అంగట్లోనే ఒక మరుగు కనిపెట్టుకున్నాడు మహానుభావుడు. వైద్యం రోగి ఇంట్లో ఇమడాలి అన్న పాఠం అక్కడే నేర్చుకోవాల్సింది. నేను నవ్వి ఊరుకున్నాను.

ఖాళీ కప్పు

రత్నమ్మది పుంగనూరు నుంచి రామసముద్రం వెళ్ళే దారిలో ఒక మెట్ట పల్లె. భూమి ఉన్న కుటుంబం. భర్త రెడ్డెప్ప వేరుశనగ, టమాటా వేసేవాడు. ఇద్దరు పిల్లలు బడికి పోతుండేవాళ్ళు. మామ లేడు, అత్త నాగమ్మదే ఇంట్లో పెత్తనం. తొంభైల నడుమ రత్నమ్మ మా వార్డుకు వచ్చినప్పుడు ముప్పై దాటి ఉంటాయి. జ్వరం, ఆయాసం. ఆ ఏడాది ఆమెకు అలా జ్వరం రావడం మూడోసారి.

పెళ్ళయిన కొత్తలో ఆమెకు క్షయ వచ్చింది. మందులన్నీ క్రమం తప్పకుండా వాడింది, పూర్తిగా తగ్గింది. ఎడమ ఊపిరితిత్తి కింది భాగంలో గొట్టాలు మాత్రం సాగిపోయి మిగిలాయి. డాక్టరు గారు అలవాటు ప్రకారం కప్పు మూత తీశాడు. లోపల ఏమీ లేదు.

"ఈ ఎక్స్‌రేకి ఈ కప్పా? యాడనో మోసముండాది. కనుక్కో" అని నాకు చెప్పి పోయాడు.

నేను మంచం మీద ఆమె పక్కనే కూచున్నాను. మాట్లాడుతుండగానే ఆమెకు దగ్గు వచ్చింది. చేయి అడ్డం పెట్టుకుంది, మెడ నరాలు ఉబ్బాయి, గుటక వేసింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"మింగేసినావా?"

తల దించుకుంది.

"యాల మ్మా? మింగొద్దమ్మా, ఉమ్మెయ్యి. కప్పు ఉండేది అందుకే గదా."

"అలవాటు తప్పుతాది మ్మా" అంది. "ఈడ ఉమ్మితే ఇంటికి పోయినాక గూడా ఉమ్మాలనిపిస్తాది. మా ఇంట్లో ఉమ్మితే వంటింట్లోకి రానీరు."

అప్పుడు చెప్పింది. క్షయ వచ్చినప్పుడు రెండేళ్ళు ఆమెను వంటింటి గడప తొక్కనివ్వలేదట. పళ్ళెం వేరు, చెంబు వేరు. చంటిబిడ్డకు ఉగ్గు కూడా అత్తే పెట్టేది. ఉమ్మడం ఆగిపోయిందని నమ్మాకే నాగమ్మ ఆమెను లోపలికి రానిచ్చింది. అంటే రత్నమ్మకు గళ్ళ తగ్గింది లేదు. మింగడం వచ్చింది, అంతే.

"నా బిడ్డలకు నా సేత్తో ఇంత సంగటి పెట్టుకుంటాండా మ్మా ఇప్పుడు. అది మాత్రం పోగొట్టొద్దు. ఊపిరి పోతే పోనీ."

అంత సూటిగా చెప్పింది. నేను విన్నాను కూడా. విని, భుజం తట్టి, "ఏం పోదులే, నేనుండాను గదా" అన్నాను. నా నోటికి తాళం వేయాల్సింది.

ఇటుకలు పెట్టిన మంచం

ఆమె ఇంటికి పోయిన వారానికి, పుంగనూరు క్లినిక్కు ముగించుకుని ఆసుపత్రి జీపులో వాళ్ళ పల్లెకు వెళ్ళాను. నన్ను అడిగినవాళ్ళు లేరు, నా ఉత్సాహం నాది. ఇల్లు పెద్దది, పంచ, నడవ, వెనక గొడ్ల కొట్టం. నేను దేన్నీ చూడలేదు. తిన్నగా నడవలో ఉన్న మంచం దగ్గరికి పోయాను.

ఎడమ ఊపిరితిత్తి కింది భాగంలోంచి గళ్ళ జారి రావాలంటే, కుడి పక్కకు తిరిగి పడుకుని, తల పల్లంలో, నడుము మిట్టలో ఉండాలి. కాళ్ళవైపు మంచం కోళ్ళ కింద ఇటుకలు పెట్టించాను. పొద్దున, సాయంత్రం, తిండికి ముందు, ఇరవై నిమిషాలు అలా పడుకోవాలని చెప్పాను. ఇప్పుడు ఈ పద్ధతి అందరికీ వాడటం లేదు. గుండె జబ్బు ఉన్నవాళ్ళకూ, తిన్నది పైకి తన్నేవాళ్ళకూ తల వాల్చడం మంచిది కాదు. ఆ రోజుల్లో మాకు అదే పెద్ద విద్య.

అంతటితో ఆగితే బాగుండేది. ఆసుపత్రి నుంచి తెచ్చిన మూత గ్లాసు సంచిలోంచి తీసి, నాగమ్మ, రెడ్డెప్ప, పక్కింటి ఇద్దరు ఆడవాళ్ళు చూస్తుండగా కిటికీలో పెట్టి, "ఈమె రోజూ గళ్ళ తీసి దీంట్లో ఉమ్మాల. దాచిపెట్టేది లేదు" అని ఉపన్యాసం ఇచ్చాను. రత్నమ్మ నా వైపు ఒకసారి చూసింది. ఆ చూపు అర్థం కాలేదని అబద్ధం చెప్పను. అర్థమైంది. సైన్సు నా పక్కన ఉందన్న పొగరుతో పక్కకు నెట్టాను.

నెల తిరక్కముందే ఆమెను మళ్ళీ జ్వరంతో వార్డుకు తెచ్చారు. ఈసారి ఇంకా చిక్కిపోయింది. రెడ్డెప్పను నిలదీశాను.

"నేను సెప్పినట్లు సేస్తాండారా లేదా?"

"తూచా తప్పకుండా సేస్తాండాం మ్మా. ఇటుకలు అట్లే ఉండాయి. రెండు పూటలా పండుకుంటాది."

"ఎట్ల పండుకుంటాది?"

"అదే, మనిషిని మాత్రం నువ్వు పోయినాక తిప్పినాం. నువ్వు పెట్టినట్లయితే కాళ్ళు దేవుని పటాలకెల్ల వస్తాండాయి. కాళ్ళెత్తి దేవునికి సూపిస్తారా మ్మా? అందుకని తల ఆ పక్క, కాళ్ళు ఈ పక్క."

మంచం అలాగే ఉంచి మనిషిని తిప్పారు. తల మిట్టలో, నడుము పల్లంలో. నెలపాటు రెండు పూటలా, ఎంతో భక్తిగా, గళ్ళ బయటికి రాకుండా పడుకోబెట్టారు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

"మరి మంచం ఇంకా ఆడనే ఉండాదా?"

రెడ్డెప్ప నేల చూశాడు. "గ్లాసు సూసినాక అమ్మ ఒప్పుకోలేదు. పాత జబ్బు తిరగబెట్టిందనింది. గొడ్ల కొట్టంలో ఒక పక్క సాప అడ్డం కట్టి మంచం ఆడికి మార్చినాం, తల మాత్రం అదే పక్క. అన్నం ఆడికే పంపిస్తాండాం."

డాక్టరు గారికి చెప్తే నన్ను గదిలోకి పిలిచి తలుపు వేశాడు. కప్పులు ఎగిరిపోయేట్టు తిడతాడనుకున్నాను. తిట్టలేదు. "నువ్వు ఎద సూసినావు, ఇల్లు సూడలేదు" అన్నాడు. ముక్కుపొడి తీసి, పీల్చకుండా మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. "నేనూ నీకు ఎప్పుడూ సెప్పలేదు. నాదీ తప్పే." ఆ మాటకు నాకు దుఃఖం వచ్చింది. ఆయన తిట్టి ఉంటే తేలికగా ఉండేది.

పెద్దమ్మ ఎదలో పిల్లికూతలు

గళ్ళ పరీక్ష మూడుసార్లు చేయించాం. క్షయ లేదు. డాక్టరు గారు ఆ సంగతి కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి సంతకం పెట్టాడు. జ్వరం తగ్గాక రత్నమ్మతో పాటు ఆ కాగితం పట్టుకుని నేనూ వాళ్ళ పల్లెకు పోయాను. నాగమ్మ పంచలో కూచుని ఉంది. కాగితాన్ని చేత్తో ముట్టను కూడా ముట్టలేదు.

"కాగితం సూసి గళ్ళ నిలస్తాదా మ్మా?"

"నిలవదు పెద్దమ్మా. ఆ గళ్ళతో ఎవురికీ ఏమీ కాదు. తప్పు నాది. నిన్ను అడక్కుండా మంచం పెట్టినా, నలుగురి ముందర గ్లాసు పెట్టినా."

తప్పు ఒప్పుకునే ఆసుపత్రి మనిషిని ఆమె అంతకుముందు చూసి ఉండదు. కాస్త జరిగి, కూచోమన్నట్టు చాప చూపించింది. నేను ఈసారి ఇల్లు చూస్తూ కూచున్నాను. వంటింట్లోంచి పొగ తెరలు తెరలుగా వస్తోంది. కోడలు కొట్టంలోకి పోయాక, పదేళ్ళ కిందట వదిలేసిన పొయ్యి దగ్గరికి నాగమ్మే మళ్ళీ చేరింది. పచ్చి కంప పుల్లలు, ఊదుగొట్టం. అరవై దాటిన మనిషి. అత్త మీద కోపం దుత్త మీద అంటారు కదా, ఇక్కడ కోడలి మీద అనుమానం తన ఊపిరితిత్తుల మీద పడింది.

మాట్లాడుతూ మాట్లాడుతూ ఆమె లేచి గడ్డివామి వెనక్కు పోయింది. దగ్గు వినబడింది, చాలాసేపు. పైట కొంగుతో మూతి తుడుచుకుంటూ వచ్చింది.

"పెద్దమ్మా, ఎన్నాళ్ళ నుంచి?"

"ఏంది?"

"వామి ఎనక్కి పోయేది."

నా వైపు గుడ్లురిమి చూసింది. "పెద్దతనం. పొగ పడదు."

"ఒకసారి ఎద సూస్తా, రా." స్టెతస్కోపు పెట్టాను. పిల్లికూతలే పిల్లికూతలు. కింద గళ్ళ గరగరలాడుతోంది. ఆమెను పీట మీద కూచోబెట్టి, ముందుకు వంచి, చేయి దోసిలిలా ముడిచి వీపు తట్టాను. నిజానికి పొగ పట్టిన ఊపిరితిత్తులకు తట్టడం కంటే ఊపిరి కసరత్తు ఎక్కువ పనిచేస్తుంది, అదీ నేర్పాను. కానీ మా ఊళ్ళలో వీపు మీద చేయి పడకపోతే అది వైద్యం కిందికి రాదు. పావుగంటకు గళ్ళ కదిలింది. అదే మూత గ్లాసు తెచ్చి పట్టాను. ఉమ్మింది, మళ్ళీ ఉమ్మింది. గ్లాసులో రెండు వేళ్ళ మందం.

నాగమ్మ గట్టిగా ఊపిరి పీల్చి, వదిలి, "అబ్బా, ఎన్నాళ్ళయిందో" అంది. తర్వాత గ్లాసులోకి చూసి మొహం తిప్పుకుంది.

నాకు నోరు ఆగదు, అది నా జబ్బు. "పెద్దమ్మా, గళ్ళ వచ్చేవాళ్ళు వంటింట్లోకి పోగూడదంటే, ఇంక ఈ ఇంట్లో వండేది ఎవురు? రెడ్డెప్పా?"

గడపలో నిలబడ్డ రెడ్డెప్ప బెదిరిపోయాడు. "నాకు ఎసురు పెట్టేదిగూడా రాదు మ్మా!"

నాగమ్మ నవ్వలేదు. గెలిచానని నేననుకోలేదు, ఆమె మొహంలో ఓడిన గుర్తులేం లేవు. నేను ఒక్క సంగతే అడిగాను. "నేను పదైదు దినాలకొకసారి వస్తా. నీకు దినామూ తట్టాల. రత్నమ్మకు నేర్పిస్తా, ఒప్పుకుంటావా?"

నాగమ్మ కొట్టం వైపు చూసింది. ఊపిరి తేలికైన రుచి ఇంకా ఆమె ఎదలోనే ఉంది. "తట్టనీ" అంది చివరికి.

అత్తను కొట్టే కోడలు

రత్నమ్మను కొట్టం నుంచి పిలిచి అత్త వీపు మీదే పాఠం చెప్పాను. మొదట వేళ్ళ కొసలతోనే తాకింది. కొన్నేళ్ళుగా ఆమె అత్తను తాకి ఎరగదు.

"గట్టిగా తట్టు. రొట్టె తట్టినట్లు కాదు" అన్నాను.

"గట్టిగా అంటే ఎట్ల మ్మా, అత్త గదా" అని గొణిగింది.

"కొట్టులే, మొగమాటమెందుకు, ఇప్పుడు కొడితే పుణ్యం గూడా" అంది నాగమ్మ. ఆమె హాస్యం అప్పుడే మొదటిసారి విన్నాను.

పదిహేను రోజులకు మళ్ళీ పోతే, వీధి మొదట్లోనే ఒకామె నన్ను ఆపింది. "ఏమ్మా గళ్ళమ్మా, నాగమ్మను కోడలు రెండు పూటలా కొడ్తాంది, నువ్వే సెప్పినావంట, నిజమేనా? మా కోడలికి మాత్రం సెప్పొద్దు తల్లీ!" ఇంట్లోంచి ధబధబా చప్పుడు వినబడుతూనే ఉంది. లోపలికి పోతే నాకు కళ్ళు చెదిరాయి. రత్నమ్మ పడుకుని ఉంది, తడుతున్నది నాగమ్మ.

"ఆమెది అయిపోయింది, ఇప్పుడు నా వంతు" అంది రత్నమ్మ, పడుకునే.

మంచం కొట్టంలో లేదు, నడవలో ఉంది. ఇటుకలు కాళ్ళవైపే ఉన్నాయి. నేను గోడ వైపు చూశాను. దేవుడి పటాలు ఎదురుగా లేవు. తూర్పు గోడకు మారాయి.

"తీసి ఆడ పెట్టిస్తి" అంది నాగమ్మ, నేను అడగకముందే. "దేవునికేముంది, యాడ పెట్టినా ఉంటాడు. తల తిప్పి పండుకుంటే గళ్ళ రాదంట గదా."

నా ఉద్యోగం మొత్తంలో నాకు దక్కిన సన్మానం అదొక్కటే అనుకుంటాను. అయినా వంట మాత్రం నాగమ్మ ఆడబిడ్డ కూతురు వచ్చి చేసిపోతోంది. రత్నమ్మ కూరగాయలు తరగడం వరకే, అదీ పెరట్లో. సంగటి ముద్ద, బిడ్డల పళ్ళెం ఆమెకు ఇంకా దూరంగానే ఉన్నాయి. నేను అత్తతో మాట్లాడబోతే రత్నమ్మ నా చేయి పట్టుకుని ఆపింది. "వద్దు మ్మా. ఈసారి నువ్వు ఏమీ సెప్పొద్దు." సిగ్గుతో చచ్చిపోయాను, ఆ మాటకు తగినదాన్నే. నోరు మూసుకుని జీపెక్కాను.

పిల్లలూ, మీకు చెప్పేది ఇదే. మీకిప్పుడు తట్టే యంత్రాలు వచ్చాయి, ఊదితే వణికే పరికరాలు వచ్చాయి, మందును ఆవిరిగా పట్టే నెబ్యులైజర్లు తాలూకా ఊళ్ళలోనూ దొరుకుతున్నాయి. మంచిదే, వాడండి. కానీ రోగి గళ్ళ ఎందుకు మింగుతున్నదో ఏ యంత్రమూ చెప్పదు. చెప్పినా మీరు నాలాగా విని వదిలేస్తే లాభం లేదు. అనవసరంగా ఊరందరి ముందు గ్లాసులు పెట్టకండి. కొన్నిసార్లు మన పని నేర్పించి, పక్కకు తప్పుకోవడం. అది నాకు ఎప్పుడూ కష్టమే.

ఆ చలికాలం

ఆ తర్వాత కొన్ని నెలలు నన్ను కుప్పం క్యాంపులకే ఎక్కువగా వేశారు, వాళ్ళ పల్లెకు పోలేకపోయాను. చలికాలంలో మంచు బాగా పడుతున్న రోజుల్లో నాగమ్మను ఆయాసంతో మా వార్డుకు తెచ్చారు. రెండు రోజులు గండంగా ఉండింది. ముక్కుకు ఆక్సిజన్ గొట్టం, చేతికి సెలైన్ సూది. మూడో రోజు పొద్దున కాస్త తెరిపి పడింది. నేను వెళ్ళేసరికి నర్సు బ్రెడ్డు పాలలో ముంచి పట్టుకుని ఆమెను బతిమాలుతోంది.

"తినవ్వా, మందు వెయ్యాల."

"తినను. మా కోడలు తెస్తాది."

"ఆయమ్మ ఎప్పుడొస్తాదో ఏమో!"

"తొలి బస్సుకు వస్తాది. పొద్దన్నే లేసి గళ్ళంతా ఉమ్మేసి, సెయ్యి కడుక్కోని, వంట సేసి తెస్తాది. అంతవరకు నాకేమీ వద్దు."

నేను తలుపు దగ్గరే నిలబడిపోయాను. ఉమ్మడం, వండటం, రెండూ ఒకే మాటలో, ఒకే మనిషి గురించి, ఆ నోటి నుంచి. నర్సుకు అందులో విశేషమేమీ కనబడలేదు. నాకు కళ్ళు నిండిపోయి, రోగుల ముందు ఏడవకూడదన్న నా నియమం నేనే తప్పాను.

కాసేపటికి రత్నమ్మ వచ్చింది. బస్సు దిగి గబగబా నడిచినట్టుంది, అయినా ఆయాసం లేదు. నన్ను చూసి నవ్వి, క్యారియర్ విప్పింది. రాగి సంగటి, పితికిపప్పు పులుసు. చేయి కడుక్కుని ముద్ద చేయబోతుంటే నాగమ్మ తల తిప్పి చూసింది.

"ఈపొద్దు ఉమ్మినావా?"

"ఉమ్మినానత్తా. సగం గ్లాసు వచ్చింది."

"అట్లయితే పెట్టు" అని నాగమ్మ నోరు తెరిచింది.